పుస్తకాల పిచ్చి ఉన్న ఇంటికి: నెమ్ము, చెద, తుఫాను, అరువుల మధ్య అలమరని నిలబెట్టుకునే పద్ధతి

పుస్తకాల పురుగు అని ఎవరినైనా అంటే నవ్వుకుంటాం. అసలు పురుగు అలమర వెనకాల కూర్చుని, మనకంటే శ్రద్ధగా, పేజీ కూడా వదలకుండా తన పని తాను చేసుకుపోతుంటుంది.

శ్రీకాకుళం, విజయనగరం వైపు పుస్తకాలు పోగేసినవాళ్ళు అడిగే ప్రశ్నలు ఎప్పుడూ ఇవే. గోధుమరంగు మచ్చలు ఎందుకొస్తున్నాయి? చెదని ఎలా ఆపాలి? వానకి తడిసినదాన్ని ఏం చెయ్యాలి? పట్టికెళ్ళినాయన తిరిగివ్వట్లేదు, ఎలా అడగాలి?

మన దగ్గర వాడి పాడయ్యే పుస్తకాల కంటే గాలాడక పాడయ్యేవే ఎక్కువ. భద్రం అనుకుని బీరువాలో పెట్టి తాళం వేస్తాం, ప్లాస్టిక్ తొడుగు వేస్తాం, మరీ ప్రేమ ఎక్కువైతే మూటకట్టి అటకెక్కిస్తాం. మూడూ తప్పే. కింద చెప్పినవి వరస తప్పకుండా చెయ్యండి. గోడ సంగతి చూడకుండా అలమర కొంటే, తర్వాత చేసేవన్నీ దండగ.

1. ముందు గోడని పరీక్షించండి

మందపాటి పాలిథిన్ కాగితం అడుగు చదరం కత్తిరించండి. అలమర పెట్టాలనుకున్న చోట గోడకి ఆనించి, నాలుగు అంచులూ టేపుతో పూర్తిగా మూసెయ్యండి. రెండు రోజులు వదిలెయ్యండి. ఈ పరీక్ష వానాకాలంలో చేస్తేనే నిజం తెలుస్తుంది. ఏప్రిల్‌లో ప్రతి గోడా పాసవుతుంది.

పాలిథిన్ లోపలివైపు, అంటే గోడవైపు, నీటి బొట్లు కనిపిస్తే నెమ్ము గోడలోనే ఉంది. అక్కడ అలమర వద్దు. బయటివైపు చెమ్మగా ఉంటే గోడ మంచిదే, గదిలో గాలి ఆడట్లేదని అర్థం. దానికి కిటికీ, ఫ్యాను చాలు.

వంటిల్లు, స్నానాలగది అవతలివైపున్న గోడలు ఎంత పొడిగా కనిపించినా నమ్మకండి. వీలైతే వాన జల్లు కొట్టే బయటి గోడని వదిలేసి, రెండు గదుల మధ్య గోడ ఎంచుకోండి.

2. అలమర: కొలతలు, బరువు, కాళ్ళు

పుస్తకాలు బరువు. ఒక అడుగు వరస నిండుగా పెడితే సుమారు 9 నుంచి 11 కిలోలు. మూడడుగుల అర అంటే ముప్ఫై కిలోల బియ్యం బస్తా ఎప్పుడూ దానిమీదే కూర్చున్నట్టు. అందుకే చెక్కపొట్టు అదిమి చేసిన చవక బోర్డు రెండేళ్ళలో మధ్యలో ఉయ్యాలలా వంగిపోతుంది.

వడ్రంగికి చెప్పాల్సినవి:

- 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్. ఆధారానికీ ఆధారానికీ మధ్య 30 అంగుళాలు మించకూడదు.
- లోతు 9 అంగుళాలు చాలు. లోతు ఎక్కువైతే రెండు వరసలు పెడతారు. వెనక వరసలో ఏముందో మర్చిపోయి అదే పుస్తకం మళ్ళీ కొంటారు.
- డెమ్మీ సైజు పుస్తకం ఎత్తు ఎనిమిదిన్నర అంగుళాలు కాబట్టి అరల మధ్య 10 అంగుళాలు. ఒక్క అర మాత్రం 13 అంగుళాలు, బైండు చేసిన పత్రికల కోసం.
- కింది అర నేలకి కనీసం 6 అంగుళాల పైన. నాగావళి, వంశధార నీళ్ళు వచ్చే లోతట్టు వీధుల్లో ఇంకా ఎత్తు.
- గోడకి, అలమర వీపుకి మధ్య 4 అంగుళాల ఖాళీ.

పాత ఇళ్ళల్లో గోడలోనే కట్టిన అలమర ఉంటుంది. అది వాడక తప్పకపోతే లోపల వెనకవైపు అంగుళం మందం చెక్క రీపర్లు రెండు అడ్డంగా బిగించండి. పుస్తకం వీపు గోడని తాకకుండా అవి ఆపుతాయి. తలుపులకి పైనా కిందా జాలీ పెట్టించండి.

ఇనప బీరువా పగలు వేడెక్కి, రాత్రి చల్లబడి లోపలి గోడలకి చెమ్మ పట్టిస్తుంది. సముద్రపు గాలికి తుప్పు సరేసరి. బట్టలు దానిలో, పుస్తకాలు బయట. ఇంట్లో ఈ మార్పిడికి ఒప్పించడమే కష్టం.

కాళ్ళ కింద నీళ్ళ గిన్నెలు పెట్టే పాత పద్ధతి చీమలకి పనిచేస్తుంది, కొంతవరకు చెదకీ పనిచేస్తుంది. కానీ వారం దాటితే దోమలు పుడతాయి. ఇంకో సంగతి, అలమర ఒక్క చోట గోడని తాకినా, పక్కనున్న కర్టెను దానిమీద వాలినా, గిన్నెలు దండగ. చెద ఆ వంతెన మీంచి వస్తుంది.

3. కొనేటప్పుడు ఫారాలు లెక్కపెట్టండి

తెలుగు పుస్తకాలు చాలావరకు 16 పేజీల ఫారాలుగా, అంటే ఒకే పెద్ద కాగితం మీద అచ్చేసి మడిచిన కట్టలుగా, అచ్చవుతాయి. కొత్త పుస్తకంలో వచ్చే పెద్ద లోపం అచ్చుతప్పు కాదు, ఫారం తప్పు. ఒక ఫారం లేకపోవడం, ఒకటే రెండుసార్లు పడటం, తలకిందులుగా కుట్టడం. సరిగ్గా హత్య ఎవరు చేశారో తెలియాల్సిన చోట 176 తర్వాత 193 వస్తే ఆ బాధ పగవాడికి కూడా వద్దు.

దుకాణంలోనే అర నిమిషంలో తేల్చుకోవచ్చు. 17, 33, 49, 65 పేజీలు చూడండి. 16 చొప్పున పెరుగుతూ పోతే ప్రతి ఫారం మొదటి పేజీ తగులుతుంది. కొన్ని పుస్తకాల్లో ఆ పేజీ అడుగున చిన్న అంకె కూడా ఉంటుంది, అది ఫారం నంబరు. ముందుమాట పేజీలకి వేరే అంకెలు వేస్తే లెక్క కొంచెం జరుగుతుంది, ఒక ఫారం దొరికాక అక్కణ్ణుంచి 16 కలుపుకుంటూ వెళ్ళండి.

పాత పుస్తకాలకైతే ఇంకో మూడు:

- వీపు దగ్గర చూడండి. చిన్న గుండ్రటి రంధ్రాలు, వాటి కింద పిండిలాంటి పొడి ఉంటే లోపల పురుగు ఇంకా బతికుండొచ్చు.
- పేజీ మూల ఒక్కసారి మెల్లగా వంచి చూడండి. పుటుక్కున విరిగితే ఆ కాగితం బైండింగ్ తట్టుకోదు.
- వాసన చూడండి. పాత కాగితం తియ్యటి వాసన మంచిదే. తడిగోనె వాసన వస్తే ఎంత చవకైనా వదిలెయ్యండి. పుస్తకం వాసన చూస్తే నవ్వే దుకాణందారు ఎవరూ లేరు, అలవాటైపోయి ఉంటారు.

పాత పుస్తకం ఇంటికి రాగానే అలమరలో పెట్టకండి. మూడు వారాలు వేరే గదిలో, తెల్ల కాగితం మీద ఉంచండి. కాగితం మీద కొత్తగా పొడి రాలకపోతే లోపలికి రానివ్వండి.

జనవరిలో విజయవాడ పుస్తక మహోత్సవానికి వెళ్ళేవాళ్ళకి ఒక లెక్క. రైలు స్లీపరు బోగీలో ఒక మనిషికి ఉచితంగా అనుమతించే సామాను 40 కిలోలు. అంటే నాలుగడుగుల పుస్తకాలు. రైలు అనుమతిస్తుంది, శ్రీకాకుళం రోడ్డు స్టేషన్లో దిగాక ఆమదాలవలస నుంచి ఇంటిదాకా నడుం అనుమతించాలి. ఒకే పెద్ద సంచి కంటే పది కిలోల చొప్పున చిన్న సంచులు నయం. ఇంట్లోకి తెచ్చేటప్పుడు కూడా తక్కువగా కనిపిస్తాయి. "ఇది పాతదేలే" అన్న మాట ఒక్క విడతకి రెండుసార్లు మించి చెల్లదు.

4. సర్దడం: ఇంటిపేరా, కలంపేరా?

గ్రంథాలయాలు వాడే డ్యూయీ దశాంశ పద్ధతిలో తెలుగు సాహిత్యం మొత్తం 894.827 కింద వస్తుంది. ఇంట్లో ఉన్నదంతా తెలుగు సాహిత్యమే అయినప్పుడు ఆ అంకె అన్నిటికీ ఒకటే, కాబట్టి మనకి ఉపయోగం లేదు. మూడు నాలుగొందల పుస్తకాల లోపు ఇల్లయితే విభాగాలు ఐదారు చాలు: కథలు, నవలలు, కవిత్వం, నాటకాలు, వ్యాసాలు-చరిత్ర, నిఘంటువులు. లోపల రచయిత పేరు వరస.

చిక్కంతా అక్కడే. చాసో పుస్తకం "చా" దగ్గరా, చాగంటి సోమయాజులు అని "చా" దగ్గరా? అదృష్టం, ఆయన రెండు రకాలుగానూ ఒకే చోటికొచ్చారు. రావిశాస్త్రి కూడా "రా"లోనే ఉంటారు, అసలు పేరు రాచకొండ విశ్వనాథశాస్త్రి కాబట్టి. అందరూ ఇంత మర్యాద పాటించరు. కారా అంటే "కా", కాళీపట్నం అన్నా "కా", బాగానే ఉంది. ఆరుద్ర దగ్గరికొచ్చేసరికి అసలు ఇంటిపేరు భాగవతుల. ఇక అలమరకి ఈ చివర్నుంచి ఆ చివరికి నడక.

నియమం ఒక్కటే పెట్టుకోండి: నోటితో ఏ పేరు పిలుస్తారో ఆ పేరు కిందే. డాక్టరు, ఆచార్య, శ్రీ, శ్రీమతి వదిలెయ్యండి. "క్ష"ని "క" తర్వాత పెట్టాలా చివర్న పెట్టాలా అన్న వాదన ఇంట్లో మొదలుపెట్టకండి. ఏదో ఒకటి అనుకుని లోపలి తలుపు మీద రాసి అంటించండి.

వరస ఎంత బిగువుగా ఉండాలి? ఒక పుస్తకం తియ్యాలంటే పక్క రెండూ కొంచెం లోపలికి నెట్టి, మధ్యలో పట్టుకుని లాగగలగాలి. వీపు పైఅంచు మీద వేలు పెట్టి లాగేవాళ్ళ ఇళ్ళల్లో ప్రతి పుస్తకానికీ నెత్తి చిరిగి ఉంటుంది.

చదవాల్సినవాటికి వేరే అర, సరిగ్గా ఒక్క అడుగు వెడల్పు. రెండొందల పేజీలవి ఇరవై పైచిలుకు పడతాయి. అది నిండితే కొనడం ఆపాలి. ఆపుతారని ఎవరూ నమ్మరు గానీ, అర అయినా గుర్తుచేస్తుంది.

5. చదివేటప్పుడు

జంతికలు, పకోడీ, పలాస జీడిపప్పు వేయించినవి. ఇవి లేకుండా వానరోజు చదువు ఎవరికీ సాగదు. కాబట్టి మానమని చెప్పడం లేదు, చేతులు విడదియ్యమని మాత్రం చెప్తున్నాం. తినేది ఒక చెయ్యి, పేజీ తిప్పేది ఇంకోటి. నూనె మరక కాగితం నుంచి పూర్తిగా పోదు. పడ్డ వెంటనే రెండు వైపులా టాల్కం పౌడరు లేదా మొక్కజొన్న పిండి చల్లి, ఒక రాత్రి బరువు పెట్టి, పొద్దున్న మెత్తటి బ్రష్షుతో దులిపితే చాలావరకు పలచబడుతుంది. మిగిలిన పిండి పురుగుకి విందు, కాబట్టి బాగా దులపండి.

గుర్తుగా పెట్టకూడనివి: క్లిప్పులు (తుప్పు), తమలపాకు, పూలు (మరక), అగ్గిపుల్ల (కాగితానికి పల్లం), రబ్బరుబ్యాండు (కరిగి అంటుకుంటుంది). బస్సు టికెట్ భేషు. నెమలీక కూడా ఫర్వాలేదు, పిల్లలు పెడుతుందని చిన్నప్పుడు దాచుకున్నదైతే మాత్రం అది కూడా పురుగులకి ఆహారమే, ఏడాదికోసారి దులపాలి.

దసరాకి సరస్వతీ పూజలో పుస్తకాలు పెట్టడం మన ఇళ్ళల్లో మామూలే. పసుపు, కుంకుమ బొట్లు నేరుగా అట్టమీద పెట్టకండి. తెల్ల కాగితం పట్టీ ఒకటి పుస్తకం చుట్టూ తిప్పి, బొట్లు దానిమీద పెట్టండి. పూజ అయ్యాక పట్టీ తీసేస్తే సరి.

6. పత్రికల్లోంచి తీసిన సీరియల్ బైండు చేసుకోవడం

ఇంట్లో బామ్మ, అమ్మ, పిన్ని ఎవరో ఒకరు వారపత్రిక పేజీలు చింపి దాచిన కట్ట ఉండే ఉంటుంది. సూదీదారం పట్టగలిగితే ఇంట్లోనే చెయ్యొచ్చు. ఎక్కువమంది అడిగేదీ, ఎక్కువమంది పాడుచేసేదీ ఇదే.

ముందొక మాట. పత్రిక సంచిక నిండుగా, చాలా పాతదిగా ఉంటే చింపకండి. 1997లో కాళీపట్నం రామారావు శ్రీకాకుళంలో మొదలుపెట్టిన కథానిలయం తెలుగు కథల్ని, అవి వచ్చిన పత్రికల్ని సేకరించే చోటు. మీ దగ్గరున్న పాత సంచిక వాళ్ళ దగ్గర లేకపోవచ్చు. కత్తెర పట్టేముందు ఒకసారి అడిగి చూడండి. ఇప్పటికే చింపినవాటికి ఈ కింది పద్ధతి.

కావాల్సినవి: మైదా, సన్న కుంచె, పలచటి తెల్ల కాగితం, దబ్బనం, మందపాటి నూలు దారం, కొవ్వొత్తి ముక్క, 2 మిల్లీమీటర్ల అట్టలు రెండు, కాలికో (బైండింగుకి వాడే గట్టి గుడ్డ), బరువుకి రుబ్బురోలు పొత్రం.

మొదటి మెట్టు: పిన్నులు తీయడం. లాగకండి. మొద్దు చాకుతో వెనకవైపు రెండు కాళ్ళూ నిటారుగా లేపి, ముందునుంచి ఎత్తండి. తుప్పు పిన్ను వదిలేసి కుట్టారంటే పదేళ్ళకి దాని చుట్టూ కాగితం పొడై రాలిపోతుంది.

రెండో మెట్టు: వరస. తేదీలు పెన్సిలుతో మూల రాసి పేర్చండి. మధ్యలో వారం లేకపోతే ఖాళీ కాగితం ఒకటి పెట్టి "ఇక్కడ ఫలానా వారం లేదు" అని రాయండి. ఎప్పటికైనా దొరికితే అంటించుకోవచ్చు. లేకపోతే, నాయిక రైలెక్కిన పేజీ తర్వాత పెళ్ళి పందిట్లో ఎందుకుందో రాబోయే తరాలకి అర్థం కాదు.

మూడో మెట్టు: జిగురు. ఒక చెంచా మైదాకి ఐదు చెంచాల నీళ్ళు. ముందు చన్నీళ్ళలో ఉండలు లేకుండా కలిపి, సన్న సెగ మీద కలియబెడుతూ, తెల్లదనం పోయి కొంచెం పారదర్శకంగా అయ్యేదాకా ఉడికించండి. చల్లారాక పలచటి గుడ్డలో వడకట్టండి. ఏ రోజుది ఆ రోజే. బైండింగ్ దుకాణాల్లో పురుగు పట్టకుండా మైలుతుత్తం కలుపుతారు. అది విషం, పిల్లలున్న ఇంట్లో వద్దు. దానికి బదులు జిగురు పలచగా రాయండి. మందంగా రాసిన మైదా అంటే పురుగుకి పెసరట్టు పెట్టినట్టే.

నాలుగో మెట్టు: పట్టీలు. విడి పేజీలని పక్కనుంచి కుడతాం కాబట్టి లోపలి అంచులో 12 మిల్లీమీటర్లయినా ఖాళీ కావాలి. పత్రికల్లో అంత ఉండదు. ఇది మర్చిపోయి కుట్టేస్తే ప్రతి పంక్తిలో మొదటి రెండక్షరాలు కుట్టులోకి పోతాయి. అందుకే అంగుళం వెడల్పు తెల్ల కాగితం పట్టీని ప్రతి పేజీ లోపలి అంచుకి 3 మిల్లీమీటర్లు మాత్రం మీదికెక్కేలా అంటించండి. విసుగు పుట్టే పని. రోజుకి ఇరవై పేజీలు చాలు.

ఐదో మెట్టు: కట్ట సమంగా తట్టి, పైనా కిందా చెక్క పెట్టి, పొత్రం గుడ్డలో చుట్టి ఒక రాత్రి ఉంచండి. తడి జిగురు మీద బరువు పెడితే పేజీలన్నీ ఒక్కటైపోతాయి, పట్టీలు పూర్తిగా ఆరాకే ఈ మెట్టు.

ఆరో మెట్టు: కుట్టు. అంచుకి 10 మిల్లీమీటర్ల లోపల, అంగుళంన్నర దూరంలో, ఐదారు రంధ్రాలు. దారాన్ని కొవ్వొత్తికి రెండుసార్లు రాసి వాడితే జారుతుంది, ముడి నిలుస్తుంది. కట్ట అంగుళం దాటితే రెండు సంపుటాలు చెయ్యండి, లేకపోతే పుస్తకం తెరుచుకోదు.

ఏడో మెట్టు: అట్టలు. వీపుకి, అట్ట అంచుకి మధ్య 7 మిల్లీమీటర్ల సందు వదిలి కాలికో అంటించాలి. ఈ సందులోనే అట్ట మడత పడుతుంది. సందు లేకుండా అంటించిన పుస్తకాన్ని తెరవాలంటే ఇద్దరు కావాలి. మళ్ళీ ఒక రాత్రి బరువు కింద.

చిరిగిన పేజీలకి మామూలు సెల్లో టేపు ఎప్పుడూ వద్దు. పదేళ్ళకి టేపు ఊడిపోతుంది, పసుపు మరక ఉండిపోతుంది. పలచటి కాగితం పట్టీ, అదే మైదా జిగురు చాలు.

7. పురుగు ఏదో ముందు తేల్చుకోండి

మందు కొనడానికి పరుగెత్తకముందు దెబ్బ చూడండి.

కాగితం పైపొర గీకినట్టు, అంచులు వంకరటింకరగా తిని ఉంటే వెండిరంగులో చేపలా జారిపోయే సిల్వర్‌ఫిష్. జిగురు, గంజి దాని తిండి. చీకటి, చెమ్మ దాని ఇల్లు.

ఉప్పు గింజంత తెల్లటివి పేజీల మధ్య పరుగెడుతుంటే భయపడక్కర్లేదు. అవి కంటికి కనిపించని బూజుని తిని బతుకుతాయి. పుస్తకాన్ని ఆరబెడితే అవే పోతాయి.

గుండ్రటి రంధ్రాలు, పొడి కనిపిస్తే పెంకుపురుగు పిల్లలు. దీనికి గడ్డకట్టించడం మంచిది. పుస్తకాన్ని జిప్ కవర్లో పెట్టి, గాలి పిండేసి, డీప్ ఫ్రీజర్‌లో కనీసం వారం. కరెంటు చాలాసేపు పోతే లెక్క మళ్ళీ మొదటికి. బయటికి తీశాక కవరు విప్పకుండా ఒక రోజంతా ఉంచాలి, లేకపోతే చల్లటి కాగితం మీద నీరు పడుతుంది. చేప ముక్కల పక్కన ఖండకావ్యం ఎందుకుందని ఇంట్లో అడుగుతారు. ముందే చెప్పుకోండి.

మట్టి గొట్టాలు కనిపిస్తే చెద. గొట్టాన్ని ఒక అంగుళం మేర పగలగొట్టి మూడు రోజులాగి చూడండి. మళ్ళీ కట్టుకుంటే లోపల గూడు బతికే ఉంది. కిరసనాయిలు కొడితే కనిపించినవే చస్తాయి, రాణి నేలలో హాయిగా ఉంటుంది. నేలలో, గోడ మొదట్లో మందు ఎక్కించేవాళ్ళని పిలవాల్సిందే. ఆలోగా పుస్తకాలు ఆ గదిలోంచి తీసెయ్యండి.

కలరా ఉండలు చెదని ఆపవు, పసిపిల్లలు మింగితే ప్రమాదం. వేపాకు పూర్తిగా ఎండిందైతే పెట్టుకోండి, మహా అయితే కొంచెం మేలు. పచ్చివేపాకు పెడితే చెమ్మ మీరే తెచ్చి పెట్టినట్టు. తినుబండారాలు వచ్చిన అట్టపెట్టెల్లో పుస్తకాలు పెట్టకండి, ఆ వాసనకి బొద్దింకలు వస్తాయి. గోనెసంచి చెమ్మని పీల్చి పట్టుకుంటుంది, అదీ వద్దు.

8. ఏడాది పనుల వరస

- రథసప్తమి దాటాక: అరసవల్లి దేవుడి ఎండ ముదరకముందే పెద్ద దులుపుడు. ఉదయం మంచులో చెమ్మ ఉంటుంది, పది దాటాక మొదలుపెట్టి మూడింటికి ముగించండి. వరండా నీడలో, పుస్తకాల్ని కొంచెం విప్పి నిలబెట్టండి. నేరుగా ఎండలో పెడితే కాగితం పసుపెక్కుతుంది.
- మే నెలాఖరు: కప్పు కారే చోట్లు, కిటికీ సందులు.
- జూన్ నుంచి సెప్టెంబరు: వాన తెరిపిచ్చిన రోజు తలుపులు తెరిచి గంటసేపు ఫ్యాను. ముసురు రోజు తెరవకండి, బయటి చెమ్మ లోపలికొస్తుంది. చిన్న తేమ మీటరు ఒకటి అరలో ఉంచితే, 65 శాతం దాటి రోజుల తరబడి ఉన్నప్పుడు బూజు రాబోతోందని తెలుస్తుంది.
- సెప్టెంబరు చివరికల్లా, విజయనగరం సిరిమాను సంబరం హడావుడి మొదలవకముందే: తుఫాను ఏర్పాటు. హుద్‌హుద్ 2014 అక్టోబరు 12న వచ్చింది, తిత్లీ 2018 అక్టోబరు 11న పలాస దగ్గర తీరం దాటింది. దసరా సెలవుల్లో చేద్దాంలే అనుకుంటే ఆలస్యమే.

తుఫాను హెచ్చరిక రాగానే కింది రెండు అరలు ఖాళీ చేసి మంచం మీదికి. కిటికీ ఎదురుగా ఉన్న అరలకి పాలిథిన్ కప్పండి. గాలి తగ్గిన పూటే తీసెయ్యాలి. వారం ఉంచితే అదే బూజు పట్టిస్తుంది.

9. తడిసిపోతే

గడియారం చూసుకోండి. రెండు రోజుల్లో బూజు మొదలవుతుంది. తుఫాను తర్వాత కరెంటు రోజుల తరబడి ఉండకపోవచ్చు, కాబట్టి ఫ్యానుని, ఫ్రీజర్‌ని నమ్ముకోకుండా చేతిపని వరస ఇది.

మొదట మెరిసే కాగితం పుస్తకాలు, బొమ్మలవి. ఆరితే పేజీలన్నీ ఇటికలా అతుక్కుపోతాయి. తడిగా ఉండగానే ప్రతి పేజీ మధ్యా మైనపు కాగితం పెట్టాలి. తర్వాత బైండు సీరియళ్ళు. మామూలు నవల చివరికి, అది మళ్ళీ దొరుకుతుంది.

బురద ఉంటే పుస్తకాన్ని మూసి, గట్టిగా పట్టుకుని, మంచినీళ్ళలో అంచులు కడగండి. రుద్దకండి. సిరాతో చేతిరాత ఉన్నవాటిని కడగొద్దు.

నీళ్ళోడుతుంటే పడుకోబెట్టి, ఇరవై పేజీలకొకటి చొప్పున అచ్చులేని న్యూస్‌ప్రింట్ కాగితం పెట్టండి. వార్తాపత్రిక పెడితే రాజకీయాలు పేజీల మీదికి ఎక్కుతాయి. మొత్తం పుస్తకం మందంలో మూడో వంతు మించి కాగితం కూరితే వీపు పగులుతుంది. మూడు నాలుగు గంటలకోసారి మార్చండి. చెమ్మ తగ్గాక నిలబెట్టి, కొంచెం విప్పి, గాలి తగిలే నీడలో. దాదాపు ఆరాక బరువు కింద.

ఇస్త్రీపెట్టె, పొయ్యి దగ్గర, మిట్టమధ్యాహ్నపు ఎండ: మూడూ వద్దు. బూజు వచ్చేసినవైతే విడిగా ఉంచి, పూర్తిగా ఆరాకే, మాస్కు పెట్టుకుని, ఆరుబయట, వీపు నుంచి బయటికి మెత్తటి బ్రష్షుతో దులపండి. తడిగుడ్డతో తుడిస్తే బూజు కాగితంలోకి ఇంకుతుంది.

10. అరువు

పరహస్తం గతం గతః అని పెద్దలు ఊరికే అనలేదు. అలాగని ఇవ్వడం మానేస్తే పుస్తకం గురించి మాట్లాడ్డానికి మనిషి ఉండడు. ఇచ్చే పద్ధతి పెట్టుకోండి.

మొదటి పేజీలో మీ పేరు, పుస్తకం నంబరు పెన్సిలుతో. గ్రంథాలయాల్లో రహస్య పేజీ ముద్ర ఉన్నట్టే మీరూ ఒక పేజీ అనుకుని, అన్ని పుస్తకాల్లోనూ అక్కడే పేరు రాయండి. 33 అనుకోండి, మూడో ఫారం మొదలు. మొదటి పేజీ చిరిగిపోయినా మీది మీదే.

నోటు పుస్తకంలో ఐదు గళ్ళు: తేదీ, పుస్తకం నంబరు, పుస్తకం పేరు, పట్టికెళ్ళినవారు, తిరిగొచ్చిన తేదీ. రాసేది వాళ్ళచేతే రాయించండి. మీరు రాస్తే లెక్క, వాళ్ళు రాస్తే మాట. గడువు మూడు వారాలు. ఒకరికి ఒకటే.

పట్టికెళ్ళేవాళ్ళు మూడు రకాలు. "చదివీసి రెండ్రోజుల్లో ఇచ్చెస్తాను" అన్నవాళ్ళు ఆర్నెల్లు ఉంచుకుంటారు. "నెల పడుతుందండి" అన్నవాళ్ళు వారంలో ఇస్తారు. ఏమీ అనకుండా చంకలో పెట్టుకుని కాఫీ తాగి లేచేవాళ్ళ పేరు మాత్రం గుమ్మం దాటేలోపే రాయించాలి.

అడగడంలో ఉంది కిటుకు. "మా పుస్తకం ఇస్తారా" అంటే బావగారైనా నొచ్చుకుంటారు. "బావగారూ, ఎక్కడిదాకా వచ్చారు?" అనండి. చదువుతుంటే ఆనందంగా చెప్తారు. చదవకపోతే సిగ్గుపడి మర్నాడే పంపిస్తారు. రెండో వారం "చివర నచ్చిందా?" అని. మూడోసారి వాళ్ళింటికి ఇంకో పుస్తకం పట్టుకెళ్ళి, "అది అయిపోతే ఇది ఉంచుకోండి" అనండి. మార్పిడికి ఒప్పుకోనివాళ్ళు చాలా తక్కువ. మాస్టారి వయసువాళ్ళనైతే అడగక్కర్లేదు, చూడ్డానికి వెళ్తే చాలు, బల్ల మీద కనిపిస్తుంది.

ఎవరికీ ఇవ్వకూడనివి: ఇంట్లో కుట్టిన సీరియళ్ళు, రచయిత సంతకం ఉన్నవి, మళ్ళీ అచ్చు కానివి. వీటిని కళ్ళకి తగలని ఎత్తులో పెట్టండి. అడిగితే ఇక్కడే కూర్చుని చదవమనండి, కుర్చీ వెయ్యండి, జంతికలు రెండో చేతికి అందించండి.

ఇచ్చిన పుస్తకం తిరిగి రాగానే అలమరలోకి తోసెయ్యకండి. పేజీలు విదిలించి చూడండి. వేరే ఇంటి పురుగు, మరిచిపోయిన కరెంటు బిల్లు, ఒక్కోసారి ఐదొందల నోటు కూడా ఉంటుంది. నోటు తిరిగివ్వండి. పుస్తకాన్ని మూడు రోజులు తెల్ల కాగితం మీద ఉంచి, నోటు పుస్తకంలో ఐదో గడి నింపి, అప్పుడు దాని చోట్లో పెట్టండి.